‘మేము’ అన్న మాట ఎవరి తప్పు

పదేండ్లలో నేను, మా వైపు నీటి పనులు చేసే ఆ సంస్థకు ఏడు ఉత్తరాలు రాసినాను. రెండు రిజిస్టరు పోస్టులో పంపినాను. అందినట్టు సంతకం చేసిన కార్డులు నా దగ్గర ఉన్నాయి, జవాబులు లేవు. మండలాఫీసుకు రాస్తే మాకు సంబంధం లేదని చెప్పే మర్యాద కూడా వాళ్ళు చూపలేదు. ఒక దినపత్రికకు రెండు పేజీల ఉత్తరం రాస్తే దాన్ని నాలుగు వాక్యాలకు కుదించి, అందులో రెండు అచ్చుతప్పులు పెట్టి వేసినారు. తెలుగు అయ్యవారి ఉత్తరంలో అచ్చుతప్పులు. అది పొరపాటేనని నేను ఇప్పటికీ నమ్మను.

పోయిన నెల ఆ సంస్థ ఏటా వేసే చిన్న పుస్తకం మా బడికి వచ్చింది. నేను రిటైరయినా పొద్దున పూట పేపరు చదవడానికి బడికి పోతుంటాను. ఆ పుస్తకంలో అర పేజీ, ఫోటోతో సహా, చనిపోయిన ఒక మనిషి గురించి ఉండింది. ‘ఒక్క పేజీ వ్యాకరణం లేకుండా విదేశీయులకు తెలుగు నేర్పిన మా డ్రైవరు’ అని ఫోటో కింద అచ్చు వేసినారు.

ఆ విదేశీయులలో ఒకామెకు తెలుగు నేర్పమని కాగితం మీద నియమించింది నన్ను. ఆ అర పేజీలో నా పేరు లేదు. తప్పు జరిగిందని వాళ్ళు అప్పట్లో రాసుకున్న కాగితంలో మాత్రం ఉండింది. అందుకని ఆయన గురించి నేనూ ఈ పత్రికకు రాస్తున్నాను. పేరు రాయను. వాళ్ళు రాసినారు, చాలు.

ఆయనది గుమ్మఘట్ట అవతల, కన్నడ దేశానికి ఆనుకున్న ఊరు. గొర్లు కాసే ఇల్లు. ఇంట్లో మాట్లాడేది కన్నడం. తెలుగు బస్టాండులో వచ్చింది, ఉర్దూ లారీ షెడ్డులో వచ్చింది, ఇంగ్లీషు ఆ సంస్థ జీపు తోలుతూ వచ్చింది. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. జీతం తీసుకునేటప్పుడు గీసే సంతకం కూడా అక్షరాల్లా కాకుండా బొమ్మలా ఉండేది. మనిషి పొడుగు, సన్నం. చెవులు పెద్దవి. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. అది వెలిగించగా నేను చూడలేదు.

ఆయనకు ఒక అలవాటు. ఎవరైనా కొత్త మాట అంటే జీపు ఇంజను ఆపేసేవాడు. నడిరోడ్డు మీదైనా సరే, వెనక లారీ హారను కొడుతున్నా సరే. ‘ఇంగొక తూరి చెప్పు’ అని మెడ వంచి వినేవాడు. విన్నాక పెదాలు మెల్లగా కదిలేవి, శబ్దం ఉండదు. అట్లా రెండు మూడు సార్లు నమిలి, మళ్ళీ తాళం తిప్పేవాడు. ఒకసారి రాయదుర్గం పోయే దారిలో నన్ను ఎక్కించుకున్నప్పుడు, నేను మాటల్లో ‘నిర్లక్ష్యం’ అన్నాను. వాళ్ళ సంస్థ గురించే అన్నాను. ఆయన బండి ఆపి, ఆ మాట నాతో మూడుసార్లు అనిపించుకున్నాడు. నా ఫిర్యాదు ఏమిటో మాత్రం అడగలేదు.

నాకు మొదటి నుంచీ అనుమానమే. ఏ పుస్తకమూ లేకుండా నాలుగు భాషలు ఇంత శుద్ధంగా ఎట్లా వస్తాయి? ఎవరో ఈయనకు చాటుగా పాఠం చెప్తున్నారనుకున్నాను. బెళుగుప్పలో ఒకరోజు ఆయన టీ తాగడానికి దిగినప్పుడు జీపులో స్టీరింగు పక్కనుండే చిన్న అర తెరిచి చూసినాను కూడా. నూనె గుడ్డ, దువ్వెన, పాత ప్లగ్గు ఉన్నాయి. పుస్తకం లేదు. ఇంట్లో పెట్టుకుని ఉంటాడనుకున్నాను.

ఆమె వచ్చింది తొంభైల చివర్లో. నీటి పనులు చూడడానికి వచ్చింది. ఊళ్ళో అందరూ దొరసానమ్మ అన్నారు. ఆమె దేశమేదో సంస్థ వాళ్ళు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండేండ్లు ఉంటుంది, తెలుగు రావాలి అన్నారు. నేను నలభై పేజీల నోట్సు సొంత దస్తూరీతో రాసినాను. మొదటి పేజీ అచ్చులు, రెండో పేజీ హల్లులు, మూడో పేజీ సర్వనామాలు. మూడో పేజీ మొదటి వరసలోనే ‘మేము’, ‘మనము’ పక్కపక్కన ఉన్నాయి. ఎదుటివాళ్ళను కలుపుకోకుండా చెప్తే మేము, కలుపుకుని చెప్తే మనము అని కింద ఎర్ర సిరాతో గీత గీసి రాసినాను. ఆ నోట్సు నకలు నా దగ్గర ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి బడి వరండాలో పాఠం. ఆమె శ్రద్ధగానే రాసుకునేది. మూడో వారంలో విభక్తులు మొదలుపెట్టినాను. డు ము వు లు చెప్పినాను. ఆమె పెన్ను కింద పెట్టి, సంతలో వంకాయలమ్మే ఆవిడ డుమువులు అంటుందా అని ఇంగ్లీషులో అడిగింది. అనదు, కానీ వాడుతుంది అని చెప్పినాను. అది సరైన జవాబు. ఇప్పటికీ సరైన జవాబే. ఆ వారం తరవాత ఆమె రాలేదు. వరండాలో నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డ్రైవరు జీపు దిగకుండానే చెప్పినాడు.

“ఆయమ్మ ఇంక రాదంట అయివారూ. బుడ్డలు ఒలిచేకాడికి పోతాది.”

నన్ను ఆయన నువ్వు అనేవాడు. ఆ మాట కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను. మా వైపు అది మామూలే, కానీ బడిలో కొత్తగా చేరిన అటెండరును ఆయన మీరు అనడం నేను విన్నాను.

విత్తనాల కాలం అది. వేరుశెనగను మా వైపు బుడ్డలు అంటారు. పెద్ద రైతుల ఇండ్ల ముందర పందిళ్ళ కింద కూలి ఆడవాళ్ళు ముప్పై నలభై మంది కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తారు. చేతికి పనే కానీ నోటికి అడ్డం లేదు. ఆ గుంపులో ఆమెను కూర్చోబెట్టినాడు ఆయన. మూడు నెలలు నోరు తెరవొద్దని చెప్పినాడంట. ఇదేం చదువని నేను టీ అంగడి దగ్గర అందరి ముందరా అడిగినాను.

ఆయన గాజు గ్లాసు తిప్పుతూ, నీ కూతురికి తెలుగు నేర్పేటప్పుడు ఏ విభక్తి ముందు చెప్పినావు అని నన్ను ఎదురు అడిగినాడు. అంగడిలో వాళ్ళు నవ్వినారు. పసిబిడ్డకు ఐదేండ్లు వేరే పని లేదు, ఈమెకు ఉండేది రెండేండ్లు, అందుకే సూత్రం కావాలి అన్నాను. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒప్పుకోలేదు కూడా. ‘సరే, మగమనిషిని వచ్చినాడు అనల్ల, వచ్చినాది అనగూడదు అని నీకు ఎట్లా తెలుసు, చెప్పు’ అని నిలదీసినాను.

“యెందుకో నాకు తెలీదు అయివారూ. తప్పుగా అంటే బువ్వలో రాయి తగిలినట్ల తగులుతాది. అంతే.”

నాకు ఆ జవాబు నచ్చలేదు. కారణం చెప్పలేనివాడు నేర్పలేడు అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపి, టీ తాగి, ఆమెను దించడానికి పోయినాడు.

నాలుగో నెలలో ఆమె నోరు తెరిచింది. మండలాఫీసరు ఊరికి వస్తే ఎదురు పోయి, “ఏమప్పా, బాగుండావా? ఎండలో వస్తివే” అనింది. ఆఫీసరు పడీపడీ నవ్వి, కూర్చోబెట్టి టీ తెప్పించినాడు. మర్యాద వాచకం లేదు, క్రియారూపం సరిగా లేదు, ఆయన మాత్రం మురిసిపోయినాడు. అదే ఆఫీసరుకు నేను శుద్ధమైన భాషలో మూడు అర్జీలు రాసి ఉన్నాను.

ఇంక అసలు సంగతి.

మా ఊరి పడమర కుంట ఒకటి పూడిపోయి ఉండింది. దాన్ని బాగు చేయడానికి సంస్థ ఒప్పుకుంది. మట్టి తోలే ట్రాక్టర్లు సంస్థవి, మట్టి తవ్వి ఎత్తేది ఊరివాళ్ళు, ఉచితంగా. అదీ షరతు. ఆ మాట ఊరికి చెప్పే బాధ్యత ఆమెకు ఇచ్చినారు, తెలుగులో చెప్పాలని. బడి ముందర మీటింగు పెట్టినారు. వేదిక మీద ఏడు కుర్చీలు వేసినారు. ఆమెకు తెలుగు నేర్పినవాడికి కుర్చీ లేదు. నేను రెండో వరసలో కూర్చున్నాను. డ్రైవరు పక్కగా జీపు బానెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె నిలబడి, ఎదురుగా ఉన్న జనాన్ని కాసేపు చూసింది. తరవాత చెప్పింది. సోమవారం మేము కుంట పూడిక తీస్తాము. మేము పార పడతాము. మేము మట్టి మోస్తాము.

మూడుసార్లు మేము అంది.

జనం చప్పట్లు కొట్టినారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎక్కువ చప్పట్లు వచ్చినాయి. షరతు ప్రకారం అనాల్సింది మనము. వెంటనే డ్రైవరు వైపు చూసినాను. ఆయన పెదాలు కదిలినాయి. శబ్దం లేకుండా ‘మేము’ అనుకున్నాడు. నేను స్పష్టంగా చూసినాను. అంటే విన్నాడు. విని ఊరకున్నాడు.

నువ్వెందుకు లేచి దిద్దలేదని అడిగేవాళ్ళు ఉంటారు. కుర్చీ వేయని మనిషి లేచి మాట్లాడితే ఏమంటారో నాకు తెలుసు. అదీగాక ఊరివాళ్ళు ఆమె ఉద్దేశం అర్థం చేసుకుంటారనుకున్నాను. అది నా పొరపాటు. ఈ వ్యవహారంలో నేను ఒప్పుకునే పొరపాటు అదొక్కటే.

సోమవారం పొద్దున్నే ట్రాక్టర్లు వచ్చినాయి. ఊరంతా కుంట కట్ట మీద వరసగా కూర్చుని ఉంది. ఒక్కరి చేతిలో పార లేదు, గంప లేదు. సంస్థ పెద్ద ఇదేమని అడిగితే, మా ఊరి పెద్దరైతు కండువా దులిపి జవాబు చెప్పినాడు. “మీరే తీస్తామంటిరి కదప్పా. మేము అనింది ఆయమ్మ. మనము అనలేదే.”

నిజమే. తెలుగింట పుట్టిన పసిబిడ్డ కూడా ఆ తేడా కనిపెడుతుంది. మేము అన్నాక ఊరికి పని లేదు. ఇంత మందిలో ఇచ్చిన మాట కాబట్టి సంస్థ వెనక్కి పోలేకపోయింది. కూలి ఇచ్చి పని చేయించింది. బుడ్డలు ఒలిచిన ఆడవాళ్ళే మూడు వారాలు మట్టి మోసినారు, కూలికి.

ఆ తరవాత సంస్థ ఆఫీసులో ఒక కాగితం తయారయింది. ‘ఉపాధ్యాయుడు సర్వనామాలు సరిగా నేర్పకపోవడం వల్ల జరిగిన భాషా దోషం’ అని అందులో ఉంది. ఉపాధ్యాయుడంటే నేను, పక్కన నా పేరు కూడా ఉంది. ఆ వాక్యం ఊళ్ళోకి వచ్చింది. అప్పటి నుంచి నన్ను మేమయ్యవారు అనడం మొదలుపెట్టినారు. సంతలో, బస్సులో, నా వెనక, నా ముందర. ముప్పై ఏండ్లు ఆ బడిలో తెలుగు చెప్పినాను. రిటైరయిన రోజు దండ వేస్తూ మాట్లాడిన ఒకాయన కూడా మన మేమయ్యవారు అన్నాడు. మన మేమయ్యవారు. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టినాడని ఆయనకు తోచనైనా లేదు.

నేను ఊరికే కూర్చునే మనిషిని కాను. ఆలోచించినాను. కన్నడంలో ఈ తేడా లేదు. మేము అన్నా మనము అన్నా వాళ్ళకు ఒకటే మాట, నావు. డ్రైవరు ఇంటి భాష కన్నడం. అంటే ఆయన బుర్రలో ఉండేది నావు. అదే ఆమెకు ఎక్కించినాడు, వ్యాకరణం లేని చదువుకు ఇదే ఫలితం. ఇట్లా రాసి సంస్థకు పంపినాను. అది నా మొదటి ఉత్తరం.

రుజువు కావాలి కదా. రెండేండ్లు ఆయన మాటలు గమనించినాను. టీ అంగడిలో వీపు తిప్పి కూర్చుని విన్నాను. ఒకసారి పని లేకున్నా కుందుర్పి దాకా ఆయన జీపులో పోయి వచ్చినాను. ఎక్కడైనా ఒక్కసారి మనము అనాల్సిన చోట మేము అంటాడని. ఒక్కసారి అనలేదు. మాతో ఉంటే మనము, సంస్థ గురించి ఊరివాళ్ళతో చెప్తే మేము, తన ఊరి గురించి మాతో చెప్తే మళ్ళీ మేము. ఎక్కడా తడబడలేదు. నేను నిజం రాసే మనిషిని, అందుకని ఇది కూడా రాస్తున్నాను. సంస్థకు రాసిన రెండో ఉత్తరంలో మాత్రం ఈ సంగతి రాయలేదు.

ఆమె తన దేశానికి పోయిన ఏడాదికి, రాయదుర్గం రోడ్డులో నా బస్సు చెడిపోయి నిలబడింది. జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లో కూర్చున్నాను. కొంత దూరం పోయినాక అడిగేసినాను. ఆ పొద్దు ఆమె మేము అన్నది నీకు వినపడలేదా అని.

ఆయన రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపినాడు. నా ప్రశ్నలో కొత్త మాట ఏదీ లేదు.

“వినపడింది.”

“తప్పని తెలియలేదా?”

“తప్పయితే తగలల్ల కదా అయివారూ. తగల్లేదు. ఆయమ్మ సరిగ్గానే అనింది.”

అటు ఇటు బీడు. ఎండకు దారి మీద ఆవిరి ఆడుతోంది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ముందుకే చూస్తూ చెప్పినాడు. మీటింగుకు వచ్చే ముందు ఆమె ఆ మాటలన్నీ జీపులో ఆయనకు ఒప్పజెప్పిందంట. అప్పుడు మనము పూడిక తీస్తాము అనే అనిందంట. మూడుసార్లూ మనమే.

“బుడ్డలు ఒలిచేకాడ ఆడోళ్ళు ఏమంటాండిరో నీకు తెలుసునా? కుంట నిండితే నీళ్ళు పారేది యెవురి మడికి? వాండ్లకు ఆడ సెంటు భూమి లేదు. మూడు వారాలు ఉత్తగా మట్టి మోస్తే వాండ్ల పొయ్యి యెట్ల మండల్ల? ఆయమ్మ నాలుగు నెల్లు అదే యినింది. ఆ పొద్దు వాండ్ల మొగాలు చూసి మాట మార్చింది.”

 నేను అడిగినాను. మరి నా పేరెందుకు రాసినారు, రాస్తుంటే నువ్వెందుకు ఊరకున్నావు అని.

“తెలిసే అనిందని నేను చెప్పింటే ఆయమ్మను ఆ వారమే పంపిచ్చేస్తా ఉండ్రి. నువ్వు ఊరి అయివారివి. ఒక తప్పు నీ మింద పడితే నిన్ను యాడికి పంపిస్తారు?”

ఇంత మాట ఆయన అంత సులువుగా అన్నాడు. నన్ను పదిమంది మేమయ్యవారు అంటున్నారని చెప్పినాను. ఆయనకు అది తెలుసు. నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. నువ్వు ఆయమ్మతో ఎప్పుడన్నా మనము అన్నావా అని అడిగినాడు. మూడో పేజీ, మొదటి వరస అన్నాను. పేజీలో కాదు, నోటితో అన్నాడు. నేను గుర్తు చేసుకున్నాను. మేము సంధి అంటాము, మేము విభక్తి అంటాము, మా భాషలో, మా దేశంలో. మూడు వారాలు అవే మాటలు. ఊళ్ళో ఎవరూ ఆమెతో మనము అని ఉండరు, బయటి మనిషి కదా. ‘నేనొకడే అంటాంటి, మనం పోదాం రామ్మా అని’ అన్నాడు ఆయన. తాళం తిప్పినాడు.

ఆయన చెప్పింది నిజమా? సాక్షి లేడు. జీపులో ఉండింది ఇద్దరే. తాను నేర్పింది తప్పిపోతే దాన్ని కప్పిపుచ్చడానికి అల్లిన కథ కూడా కావచ్చు. బుడ్డలు ఒలిచిన ఆడవాళ్ళను అడిగినాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మాకేం తెలుసు అయివారూ అన్నారు. అంతమంది ఒకే మాట అంటే నాకు అనుమానం పెరుగుతుంది. ఆమె తన దేశానికి పోయింది కదా, ఇంక నీకేం భయం, సంస్థ ఆఫీసుకు వచ్చి ఇదే మాట చెప్పు అని ఆయనను అడిగినాను. సరే అన్నాడు. రాలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ సరే అన్నాడు. తరవాత తరవాత నేను రోడ్డు మీద కనపడితే జీపు వేగం పెరిగేది. కొత్త మాట అంటే నడిరోడ్డులో బండి ఆపే మనిషి, నా పాత మాటకు ఆపలేదు. ఇప్పుడు ఆయనా పోయినాడు. చావుకు నేను పోయినాను. అక్కడ కన్నడంలో ఏడుస్తున్నారు. నావు అన్న మాట చాలాసార్లు వినపడింది. ఆ ఏడుపులో నన్ను కలుపుకున్నారో లేదో ఆ మాటను బట్టి తెలిసే వీలు లేదు.

ఇంక మిగిలింది మీరొక్కరే, దొరసానమ్మా. మీ చిరునామా ఇమ్మని సంస్థకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదని మొదటే చెప్పినాను. ఈ పత్రికను మీకు ఎవరైనా పంపుతారని, మీకు తెలుగు చదవడం ఇంకా వచ్చునని అనుకుని అడుగుతున్నాను. ఆ పొద్దు మీరు తెలిసి అన్నారా, తెలియక అన్నారా? తెలియక అని ఉంటే నేర్పినవాణ్ణి నేను, తప్పు నాదే. ఆ పేరుతోనే పోతాను, ఇంక ఎవరికీ రాయను. తెలిసి అని ఉంటే, ఆ రెండు మాటలకూ తేడా మీకు నా పేజీలో తెలిసిందా, ఆయన జీపులో తెలిసిందా, అది కూడా చెప్పండి. ఏదైనా సరే, ఒక్క వాక్యం చాలు. తెలుగులోనే రాయండి. తప్పులుంటే దిద్దను. జవాబు మాత్రం రాయండి.